జింక వేటకి ఏ కాట్రిడ్జ్, ఏ బుల్లెట్? టెక్సస్‌లో కొత్తగా మొదలుపెట్టే మనవాళ్ళకి

అక్టోబర్ దాటితే చాలు డాలస్, ఆస్టిన్ వైపు ఉండే మనవాళ్ళలో కొత్తగా వేట మొదలుపెట్టేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే, ".308 కొనాలా, 6.5 క్రీడ్‌మోర్ కొనాలా?" అని (రెండూ రైఫిల్ కాట్రిడ్జ్‌ల, అంటే తూటాల, సైజుల పేర్లు). దానికి నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే, ఆ రెండిట్లో ఏదైనా తీసుకోండి, కానీ అందులో పెట్టే బుల్లెట్ ఏంటో, ఆ రైఫిల్ మీ భుజానికి ఎంత తేలికగా ఉందో దాని గురించి మాత్రం నాలుగింతలు ఎక్కువ ఆలోచించండి. జింక పడిందా, దెబ్బ తిని రాత్రంతా ఎక్కడో పొదల్లో నరకం పడిందా అన్నది తేలేది అక్కడే.

ముందు చట్టం సంగతి. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం తర్వాత జింక వేట నేరం, జైలుకి పోతారు, కాబట్టి ఇక్కడ చెప్పేదంతా అమెరికా గురించే, అందులోనూ ముఖ్యంగా టెక్సస్ గురించి. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి, హంటింగ్ లైసెన్స్ ఎలాగూ కావాలి. గ్రీన్ కార్డ్, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్ళకి రైఫిల్ కొనడంలో మామూలు రూల్సే. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు మాత్రం జాగ్రత్త, ఫెడరల్ చట్టం ప్రకారం మీరు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు, ఏదైనా స్టేట్ ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. ఫ్రెండ్ రైఫిల్‌ని షూటింగ్ రేంజ్‌లో కాసేపు పట్టుకున్నా అదే రూల్ వర్తిస్తుంది, కాబట్టి ముందు లైసెన్స్ తీసుకుని, ఒకసారి ఇమిగ్రేషన్ లాయర్ని అడిగి అప్పుడు దిగండి.

ఇక అసలు విషయం. కాట్రిడ్జ్ అంటే మొత్తం తూటా, అంటే ఇత్తడి కేసు, వెనక మందుని అంటించే ప్రైమర్, లోపల మందు, ముందు బుల్లెట్. జింక దాకా వెళ్ళేది ఆ చివర ఉన్న బుల్లెట్ ఒక్కటే, మిగతాదంతా దాన్ని తోయడానికే. ఆ బుల్లెట్ చేయాల్సిన పని ఊపిరితిత్తుల్లోంచి వెళ్తూ వెడల్పుగా విచ్చుకోవడం, విచ్చుకుని కూడా లోపలికి తగినంత దూరం పోవడం, వీలైతే అవతలి వైపు నుంచి బయటపడటం. అవతల కూడా రంధ్రం పడితే రక్తం బాగా కారుతుంది, జింక వంద గజాలు పరిగెత్తినా జాడ పట్టుకోవచ్చు. ఎప్పుడైనా అవతలి చర్మం కింద ఆగిపోయిన సాఫ్ట్ పాయింట్ బుల్లెట్ దొరికితే కడిగి చేతిలో పెట్టుకుని చూడండి, మూడో వంతు అంగుళం కూడా లేని సీసం ముక్క పుట్టగొడుగులా విచ్చుకుని దాదాపు రెండింతల వెడల్పు అయ్యి, రాగి తొడుగు ముక్కలు ముక్కలుగా చీలి వెనక్కి ముడుచుకుని ఉంటుంది. మంచి బుల్లెట్ అంటే అది.

షాపులో బాక్స్ మీద ".308 విన్, 150 గ్రెయిన్, ఎస్‌పీ" అని ఉంటుంది. గ్రెయిన్ అంటే బరువు, 7000 గ్రెయిన్‌లు ఒక పౌండు, అంటే 150 గ్రెయిన్ బుల్లెట్ పది గ్రాములు కూడా ఉండదు. ఎస్‌పీ అంటే సాఫ్ట్ పాయింట్, ముక్కు దగ్గర సీసం బయటికి కనబడుతుంది. రెమింగ్టన్ కోర్‌లాక్ట్, ఫెడరల్ పవర్‌షాక్, హార్నడీ ఇంటర్‌లాక్ ఇవన్నీ ఈ రకమే, రేటు తక్కువ, మామూలు వైట్‌టెయిల్ జింకకి ఇంతకు మించి అక్కర్లేదు, ఇది నా గట్టి అభిప్రాయం. కోర్‌లాక్ట్ 1939 నుంచి ఉంది, ఎన్ని తరాల జింకలు దానికి పడ్డాయో లెక్కలేదు. దీని మీద ఒక మెట్టు బాండెడ్ బుల్లెట్, లోపలి సీసాన్ని రాగి తొడుగుకి అతికించి చేస్తారు, ఎముక తగిలినా ముక్కలైపోదు. ఫెడరల్ ఫ్యూజన్, నాస్లర్ అక్యూబాండ్ అవి. నాస్లర్ పార్టిషన్ అని ఇంకోటి ఉంది, మధ్యలో రాగి గోడ ఉంటుంది, ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెదరకుండా లోపలికి పోతూనే ఉంటుంది. ఆ పైన పూర్తి రాగి బుల్లెట్లు, బార్న్స్ టీటీఎస్‌ఎక్స్ లాంటివి. దీని సంగతి కింద చెప్తాను.

వద్దే వద్దు అని చెప్పాల్సినవి మూడు ఉన్నాయి. ఎఫ్ఎంజే, అంటే పూర్తిగా తొడుగు వేసినది, రేంజ్‌లో చవగ్గా దొరుకుతుంది కదా అని తెచ్చేస్తారు, అది విచ్చుకోదు, సన్నటి రంధ్రం చేసి వెళ్ళిపోతుంది, జింక మైలు దూరం పోయి చస్తుంది, చాలా స్టేట్స్‌లో అది వేటకి నిషేధం కూడా. రెండోది వార్మింట్ బుల్లెట్లు, చిన్న జంతువుల కోసం చేసినవి, భుజం ఎముక మీదే పేలిపోయి లోపలికి పోవు. మూడోది మ్యాచ్ బుల్లెట్లు, పోటీల్లో టార్గెట్ కాల్చడానికి చేసినవి, కాగితం మీద అద్భుతంగా పడతాయి, జంతువులో ఒకసారి ఒకలా ఇంకోసారి ఇంకోలా ప్రవర్తిస్తాయి.

ఇప్పుడు కాట్రిడ్జ్. టెక్సస్ హిల్ కంట్రీలో జింకలు చిన్నవి, మగది కూడా చాలాసార్లు 130 పౌండ్లు దాటదు, పైగా ఇక్కడ ఎక్కువమంది ఫీడర్‌కి (జింకలకి మేత వేసే డబ్బా) వంద గజాల్లో బ్లైండ్‌లో (దాక్కునే చిన్న గది) కూర్చునే కాలుస్తారు. ఈ పనికి .243 విన్చెస్టర్ 95 లేక 100 గ్రెయిన్ చాలు, పిల్లలకి, సన్నగా ఉండేవాళ్ళకి, అసలు తుపాకీ ఎప్పుడూ పట్టనివాళ్ళకి నేను ముందు చెప్పేది అదే. 1952లో వచ్చిన .308 కేసునే మెడ సన్నం చేసి 1955లో దీన్ని చేశారు, 7ఎంఎం-08 కూడా ఆ కుటుంబమే, 140 గ్రెయిన్‌తో అది జింకకి దాదాపు పర్ఫెక్ట్, కాకపోతే అన్ని షాపుల్లో దొరకదు. .308 అయితే ఏ ఊళ్ళో ఏ షాపుకెళ్ళినా ఉంటుంది, 150 గ్రెయిన్ తీసుకోండి. .270కి 130 గ్రెయిన్, 6.5 క్రీడ్‌మోర్‌కి 129 నుంచి 143. 1906 నాటి థర్టీ ఆట్ సిక్స్ (.30-06) ఇంట్లో ఉంటే అమ్మేయకండి, 150 లేక 165 గ్రెయిన్‌తో ఏ జింకైనా పడుతుంది.

6.5, .308 మధ్య ఆన్‌లైన్‌లో జరిగే గొడవ చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే వేట దూరంలో అది గొడవే కాదు. 200 గజాలకి జీరో చేసిన, అంటే ఆ దూరంలో గురి పెట్టిన చోటే పడేలా సర్దిన .308, 150 గ్రెయిన్ 2820 ఎఫ్‌పీఎస్‌తో (సెకనుకి అన్ని అడుగులు) వెళ్తే 100 గజాల దగ్గర సుమారు రెండు అంగుళాలు పైన, 300 దగ్గర ఎనిమిది అంగుళాలు కింద పడుతుంది, క్రీడ్‌మోర్ కూడా ఒక అంగుళం అటూ ఇటూగా అంతే. జింక ఊపిరితిత్తుల చోటు అంటే ఎనిమిది అంగుళాల గుండ్రం అనుకోండి, ముందుకాలి వెనక, ఛాతీ కింది మూడో వంతులో. ఆ గుండ్రంలో ఐదుకి ఐదు పెట్టలేని దూరం మీ దూరం కాదు, చేతిలో ఏ కాట్రిడ్జ్ ఉన్నా సరే.

మ్యాగ్నమ్‌ల, అంటే మందు ఎక్కువ పట్టే పెద్ద కాట్రిడ్జ్‌ల, జోలికి మొదటి రైఫిల్‌తోనే పోకండి. .300 విన్ మ్యాగ్ భుజానికి ఇచ్చే కిక్ .243తో పోలిస్తే రెండింతలకి పైనే, దానికి భయపడి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్ళు మూసి భుజం ముందుకి తోస్తారు, బుల్లెట్ కడుపులో పడుతుంది. మీకు ఆ అలవాటు ఉందో లేదో తెలుసుకోవడం తేలిక, రేంజ్‌లో పక్కన ఉన్న మనిషిని లోడ్ చేయమనండి, మధ్యమధ్యలో మీకు చెప్పకుండా ఖాళీ డమ్మీ రౌండ్ పెట్టమనండి, అది క్లిక్ మన్నప్పుడు మీ బారెల్ ముక్కు ఎలా ఎగిరిందో మీకే కనబడుతుంది. ఎగిరితే చిన్న కాట్రిడ్జ్‌కి దిగండి, ఇందులో నామోషీ ఏం లేదు.

మాంసం ఇంటికి తెచ్చేవాళ్ళు ఇంకో సంగతి ఆలోచించాలి. సీసం బుల్లెట్ విచ్చుకునేటప్పుడు కంటికి కనబడని ముక్కలు గాయం చుట్టూ చాలా దూరం చిమ్ముతాయి. 2008లో నార్త్ డకోటాలో ఫుడ్ ప్యాంట్రీలకి దానం చేసిన జింక కీమాలో సీసం దొరికి దాన్ని పారేయమన్నారు. చిన్న పిల్లలు, కడుపుతో ఉన్నవాళ్ళు తినే ఇల్లయితే నేను రాగి బుల్లెట్టే వాడమంటాను, ఖరీదెక్కువైనా సరే. కాలిఫోర్నియాలో అయితే 2019 జూలై 1 నుంచి వేటకి సీసం అసలు పనికిరాదు. రాగి తేలిక కాబట్టి అదే బరువుకి బుల్లెట్ పొడుగు అవుతుంది, విచ్చుకోడానికి స్పీడ్ కూడా ఎక్కువ కావాలి, అందుకే ఒక మెట్టు తక్కువ బరువు తీసుకోండి, .308కి 130, .243కి 80 లేక 85. సీసమే వాడితే గాయం చుట్టూ బాగా వెడల్పుగా కోసి పారేయండి, నల్లగా కమిలిన మాంసాన్ని కీమాలో కలపకండి.

స్టేట్ మారితే రూల్ మారుతుంది. టెక్సస్‌లో వైట్‌టెయిల్‌కి రిమ్‌ఫైర్ (ప్రైమర్ మందు కేసు అంచులోనే ఉండే .22 లాంటి చిన్న తూటాలు) పనికిరాదు, సెంటర్‌ఫైర్ (ప్రైమర్ అడుగున మధ్యలో ఉండేవి) ఏదైనా ఓకే, .223 కూడా, కానీ కొత్తవాళ్ళకి నేను చెప్పను, తప్పుకి చోటు మిగలదు. కొలరాడోలో కనీసం .24 క్యాలిబర్ (బుల్లెట్ వ్యాసం, అంగుళాల్లో) ఉండాలి. ఒహాయోలో మనం పైన చెప్పుకున్నవేవీ పనికిరావు, అక్కడ రైఫిల్‌కి స్ట్రెయిట్ వాల్ కాట్రిడ్జ్‌లే, అంటే కేసు మెడ దగ్గర సన్నబడకుండా నేరుగా ఉండేవి, .350 లెజెండ్, .450 బుష్‌మాస్టర్ లాంటివి. వెళ్ళే ముందు ఆ ఏడాది రెగ్యులేషన్స్ చదవండి.

మన ఆంధ్ర రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది చుక్కల దుప్పి, ఈ రెండూ టెక్సస్ ర్యాంచుల్లో బయటి నుంచి తెచ్చి పెంచినవిగా ఉన్నాయి, ఎగ్జాటిక్స్ అంటారు, వాటికి సీజన్ లేదు, లైసెన్స్, ర్యాంచ్ ఓనర్ అనుమతి ఉంటే చాలు. వీటికీ పైన చెప్పిన .308, .270 సరిపోతాయి. దక్షిణ టెక్సస్‌లో మనుబోతు మాత్రం వేరే లెక్క, మగది 500 పౌండ్లు దాటుతుంది, చర్మం, భుజం చాలా గట్టి, అక్కడ .243 తీసుకెళ్ళకండి, థర్టీ ఆట్ సిక్స్‌లో 180 గ్రెయిన్ బాండెడ్ గానీ, 165 గ్రెయిన్ రాగి గానీ ఉండాలి.

కొనేటప్పుడు బారెల్ మీద చెక్కిన పేరు, బాక్స్ మీద పేరు, తూటా అడుగున ముద్రించిన పేరు మూడూ అక్షరం అక్షరం కలవాలి. .300 బ్లాకౌట్ రౌండ్ పొరపాటున .223 రైఫిల్‌లో దూరి పేలితే రైఫిల్ ముక్కలవుతుంది, రెండు రకాలు ఉన్నవాళ్ళు ఒకే బ్యాగ్‌లో పెట్టొద్దు. పాత లీవర్ యాక్షన్ (కింద ఉన్న లీవర్ లాగి లోడ్ చేసే) థర్టీ థర్టీ (.30-30) ఉంటే అందులో తూటాలు ట్యూబ్‌లో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, మొనదేలిన గట్టి బుల్లెట్ ముందున్న ప్రైమర్‌ని పొడుస్తుంది, కాబట్టి చదునైన ముక్కు ఉన్నవి గానీ, మెత్తటి రబ్బరు లాంటి ముక్కుతో దానికోసమే చేసిన హార్నడీ లెవరెవల్యూషన్ గానీ వాడండి.

చివరికి రెండు మూడు రకాల బాక్సులు తెచ్చి మీ రైఫిల్‌కి ఏది నచ్చుతుందో చూడండి, ఒకే మోడల్ రైఫిళ్ళు రెండు పక్కపక్కన పెట్టినా వాటి ఇష్టాలు వేరుగా ఉంటాయి. ఏది దగ్గర దగ్గరగా పడిందో అది ఒకే లాట్ నంబర్‌వి (ఒకే విడతలో తయారైనవి) నాలుగైదు బాక్సులు కొనుక్కుని, జీరో చేసి, బల్ల మీద నుంచే కాకుండా మోకాలి మీద కూర్చుని, కర్ర ఆనించుకుని కూడా కాల్చి చూసుకోండి. సీజన్ మధ్యలో తూటాలు అయిపోయి వేరే కంపెనీవి తెస్తే మళ్ళీ రేంజ్‌కి వెళ్ళాల్సిందే, బాక్స్ మీద అదే 150 గ్రెయిన్ అని ఉన్నా వంద గజాల దగ్గర రెండు మూడు అంగుళాలు పక్కకి పడొచ్చు.