ఆగి ఉన్న మోటర్‌హోమ్‌లో రెండు బ్యాటరీలకూ సోలార్ అందాలంటే

రెండు నెలలు కదలకుండా ఉన్న మోటర్‌హోమ్ (లోపలే ఇల్లులా ఉండే బండి) ఎక్కి తాళం తిప్పాను. టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. లోపల లైట్లు భేషుగ్గా వెలుగుతున్నాయి. టాప్ మీద 200 వాట్ల ప్యానెల్ ధగధగలాడుతోంది. పైన పటారం, లోన లొటారం. మీటర్ పెట్టి చూస్తే లైట్లు, ఫ్రిజ్ నడిపే హౌస్ బ్యాటరీ 13.6 వోల్టులు, ఇంజన్ బ్యాటరీ 9.8.

ప్యానెల్ పెట్టించినప్పుడు నేను ఒక్క మాట అడగలేదు: ఈ కరెంటు ఏ బ్యాటరీకి పోతుంది? చాలా మోటర్‌హోమ్‌లలో అది హౌస్ బ్యాటరీకే పోతుంది. ఇంజన్ బ్యాటరీ సంగతి ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించేది) చూసుకుంటుందిలే అని వదిలేస్తారు. బండి ఆగి ఉంటే ఆల్టర్నేటర్ ఎక్కడ తిరుగుతుంది? అందుకే ముందు ఈ పని చేయండి. మంచి ఎండలో, ఇంజన్ ఆపి ఉన్నప్పుడు రెండు బ్యాటరీల వోల్టేజీ విడివిడిగా చూడండి. సోలార్ అందుతున్నది 13 దాటి కనిపిస్తుంది. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.7 దగ్గర నిలబడితే నిండుగానే ఉంది కానీ ఛార్జింగ్ రావట్లేదని అర్థం. 12.2 అంటే సగం ఖాళీ. ఆ స్థితిలో వారాల తరబడి వదిలేస్తే లోపల ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పాత సత్తువ రాదు.

తాళం తీసేసిన బండిలో కరెంటు ఎవరు తాగారన్నది నాకు అంతుపట్టలేదు. ఇంజన్ బ్యాటరీ మైనస్ వైరు ఊడదీసి, కరెంటు కొలిచే మల్టీమీటర్ వైరును దాని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, ఆ వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కలిపాను. ఈ సమయంలో పొరపాటున కూడా తాళం తిప్పకండి, మీటర్‌లో ఫ్యూజు పోతుంది. మొదట ఆంపియర్ పైనే చూపించేసరికి గాభరా పడ్డాను. నిజానికి బండిలోని కంట్రోల్ యూనిట్లు నిద్రలోకి జారుకోవడానికి కొంత టైం పడుతుంది. తలుపులు వేసి అరగంట ఆగితే 60 మిల్లీ ఆంపియర్లకు దిగింది. అప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోయాను. రేడియోది పీకగానే 25కి పడిపోయింది! మిగిలింది అలారం, ట్రాకర్. వాటిని తీయలేం.

60 మిల్లీ ఆంపియర్లు ఏపాటి అనిపిస్తుంది. రోజుకు 1.44 ఏహెచ్ (ఆంపియర్ అవర్, ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పోతే ఒక ఏహెచ్), 60 రోజులకు 86 ఏహెచ్. నా బ్యాటరీయే 95 ఏహెచ్. చిల్లు కుండ కథ. కాబట్టి ప్యానెల్ పెద్దది వేయడం కంటే ముందు చిల్లు పూడ్చండి.

తర్వాత ఇంజన్ బ్యాటరీకి దారి చూపించాలి. రెండు అవుట్‌పుట్‌లున్న సోలార్ కంట్రోలర్ (ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు అదుపు చేసే డబ్బా) వేసుకోవచ్చు. పాత కంట్రోలర్ బాగానే ఉంటే, హౌస్ బ్యాటరీ నిండాక మిగిలినది ఇంజన్ బ్యాటరీకి పంపే చిన్న డబ్బా ఒకటి దొరుకుతుంది. నేను అదే పెట్టాను. రెండు ప్లస్‌లు, ఒక మైనస్, అంతే కనెక్షన్. అయితే ఆ ప్లస్ వైరుకు రెండు చివర్లా బ్యాటరీలే ఉన్నాయి కాబట్టి, రెండు చివర్లా బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు ఉండాల్సిందే. ఒకవైపే పెట్టి ఊరుకోవద్దు.

దీనికంటే ముందు నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెబుతాను. డాష్‌బోర్డు మీద పరిచే చిన్న ప్యానెల్ కొని, సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చాను. దాని మీద పచ్చ లైటు వెలుగుతుంటే హాయిగా ఇంటికొచ్చేశాను. ఆ లైటు ప్యానెల్ కరెంటుతోనే వెలుగుతుంది. నా బండిలో తాళం తీయగానే ఆ సాకెట్‌కు బ్యాటరీతో సంబంధం తెగిపోతుంది! పైగా అద్దం వెనక ఎండ కొంత వృథా.

కంట్రోలర్ వైర్లు మెయిన్ స్విచ్ దాటాక కాకుండా నేరుగా బ్యాటరీకే ఉండాలి. లేకపోతే మీరు జాగ్రత్తగా స్విచ్ ఆపి వెళ్లిన రోజే ఛార్జింగ్ కూడా ఆగిపోతుంది. బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. కంట్రోలర్ లేకుండా ప్యానెల్‌ను బ్యాటరీకి నేరుగా కలపొద్దు. 12 వోల్టుల ప్యానెల్ అంటారు కానీ దేనికీ కలపకుండా ఉన్నప్పుడు 20 వోల్టుల పైనే ఇస్తుంది, వారాల తరబడి అలా ఉంటే బ్యాటరీలో నీరు ఇగిరిపోతుంది.

కంట్రోలర్‌లో బ్యాటరీ రకం సెట్టింగ్ సరిచూసుకోండి. లిథియం బ్యాటరీ ఉన్నవాళ్ల లెక్క వేరు. దాన్ని నెలల తరబడి నిండుగా ఉంచక్కర్లేదు, సగానికి కాస్త పైన ఉంచి కనెక్షన్ తీసేస్తే చాలు. సున్నా డిగ్రీల కంటే చలిలో మాత్రం దాన్ని ఛార్జ్ చేయకూడదు.

నీడ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ప్యానెల్‌లో సెల్స్ వరసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి. ఒక మూల తడి ఆకు అతుక్కున్నా ఆ వరస మొత్తం కుంటుతుంది. షెడ్డు కింద పెట్టేవాళ్లు ప్యానెల్‌ను బయటికి లాగక తప్పదు.

ఇప్పుడు బండి ఆపి వెళ్లే ముందు రేడియో ఫ్యూజు పీకి, తేదీ, రెండు వోల్టేజీలు కాగితం మీద రాసి స్టీరింగ్‌కు అంటిస్తున్నాను. మొన్న 40 రోజుల తర్వాత చూస్తే హౌస్ 13.5, ఇంజన్ 13.2. తాళం తిప్పగానే స్టార్టయింది. ఫ్యూజు తిరిగి పెట్టాక రేడియో గడియారం సరిచేసుకోవడానికే పది నిమిషాలు పట్టింది.