ఇంటికొచ్చే దారిలో కోపెన్‌హాగన్‌లో ఒక పూట: బరంపురం, పర్లాకిమిడి వాళ్ళ కోసం

పిల్లలు జర్మనీలోనో స్వీడన్‌లోనో ఉంటే, వాళ్ళ దగ్గర నెల రోజులు ఉండి తిరిగొచ్చే అమ్మానాన్నలకి చవక టికెట్ అంటే మధ్యలో ఏదో ఒక ఊళ్ళో ఎనిమిది గంటలో పది గంటలో పడిగాపులు పడాల్సిందే. ఆ ఊరు డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ అయితే మాత్రం ఎయిర్‌పోర్టు కుర్చీకి అతుక్కుపోకండి, బయటికి వెళ్ళండి. ఎయిర్‌పోర్టు నుంచి ఊరు ఎనిమిది కిలోమీటర్లే, మెట్రో ఎక్కితే పావుగంట. భువనేశ్వర్‌లో దిగినవాళ్ళు బరంపురం చేరేలోపు అక్కడ ఒక బురుజు ఎక్కి, పడవ తిరిగి వచ్చేయొచ్చు.

ముందు వీసా చూసుకోండి. ఊళ్ళోకి అడుగు పెట్టాలంటే షెంగెన్ వీసా, అంటే యూరప్‌లోని చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా, ఉండాలి. అమెరికా నుంచి వస్తూ మధ్యలో దిగేవాళ్ళు పాస్‌పోర్టులో అమెరికా వీసా చూపించినంత మాత్రాన బయటికి వదలరు, లండన్ నుంచి వచ్చేవాళ్ళకీ అంతే. ఇక షెంగెన్ వీసా ఉన్నవాళ్ళు చూడాల్సింది చివరి తేదీ ఒక్కటే కాదు, ఎన్ని రోజులు ఉండొచ్చో ఆ స్టిక్కర్ మీదే వేరేగా రాసి ఉంటుంది, ఆ అంకె. వచ్చిన రోజు, వెళ్ళే రోజు రెండూ లెక్కలోకే వస్తాయి. సరిగ్గా ముప్ఫై రోజులకి వీసా ఇస్తే, ముప్ఫయ్యో రోజు రాత్రి కోపెన్‌హాగన్‌లో దిగి మర్నాడు పొద్దున్న విమానం ఎక్కితే ఒక రోజు ఎక్కువ ఉన్నట్టే. 2025 అక్టోబర్ నుంచి స్టాంపు బదులు వేలిముద్రలు, ఫొటో తీసుకునే పద్ధతి మొదలైంది కాబట్టి ఆ లెక్క ఇప్పుడు కంప్యూటరే వేస్తుంది. టికెట్ బుక్ చేసే అబ్బాయికో అమ్మాయికో ఈ సంగతి ముందే చెప్పండి.

తర్వాత టైము. తిరుగు విమానానికి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలనుకోండి, దిగాక బయటపడటానికి ఒక గంట, మెట్రోకి రానూ పోనూ ఇంకో గంట. మొత్తం అయిదు పోయాయి. అంటే విరామం ఆరు గంటల లోపైతే వెళ్ళొద్దు, కంగారు తప్ప ఏమీ మిగలదు. ఎనిమిదైతే ఒక చోటు చూడొచ్చు, పదైతే రెండు. మూడోది పెట్టుకోకండి. జర్మనీ నుంచి వచ్చేటప్పుడు మామూలుగా పాస్‌పోర్టు లైను ఉండదు, చకచకా బయటికొచ్చేస్తారు, అది చూసి వెనక్కి కూడా అలాగే వెళ్ళొచ్చనుకోకండి. ఇండియా వైపో గల్ఫ్ వైపో వెళ్ళే విమానానికి సెక్యూరిటీ అయ్యాక పాస్‌పోర్టు చెకింగ్ వేరేగా ఉంటుంది.

సామాను సంగతి బయల్దేరిన ఎయిర్‌పోర్టు కౌంటర్లోనే తేల్చుకోవాలి. అన్నీ ఒకే టికెట్ మీద ఉంటే పెట్టెలు సాధారణంగా అక్కడి నుంచే ముందుకెళ్ళిపోతాయి, అది మంచిదే కానీ స్వెట్టరూ మఫ్లరూ బీపీ మాత్రలూ ఆ పెట్టెలోనే ఉంటే మీ పని అయినట్టే. ఇవి చేతి సంచిలో ఉండాలి. కోపెన్‌హాగన్‌లో జూన్‌లో కూడా గాలి విసురుగా కొడుతుంది. రెండు వేరు టికెట్లయితే పెట్టెలు మీరే తీసుకుని మళ్ళీ ఇవ్వాలి. ఈలోపు పెట్టుకోవడానికి ఎయిర్‌పోర్టులో లాకర్లు ఉన్నాయి.

డబ్బు మార్చుకోకండి. అక్కడ చెల్లేది యూరో కాదు, క్రోన్, ఒక్క పూటకి మార్చుకుంటే మిగిలిన చిల్లర మన గిరి మార్కెట్‌లో ఎవడూ తీసుకోడు. కార్డుంటే చాలు, మెషీన్లో టికెట్ కూడా కార్డుతోనే కొనొచ్చు. మెట్రోకి గేట్లు ఉండవు, ఎవరూ ఆపరు, అందుకని టికెట్ లేకుండా ఎక్కేయొద్దు, మధ్యలో చెకింగ్ వాళ్ళు వస్తే జరిమానాతో ట్రిప్పు సరదా అంతా దిగిపోతుంది. డ్రైవరు లేని బండి అది. టెన్షన్ పడకుండా ముందు అద్దం దగ్గర నిలబడితే సొరంగం అంతా కనిపిస్తుంది.

మెట్రోనే ఎక్కమని ఎందుకంటున్నానంటే, అదే ఎయిర్‌పోర్టులో పెద్ద రైళ్ళు కూడా ఆగుతాయి. ఒకవైపు వెళ్ళేవి కోపెన్‌హాగన్‌కి, రెండోవైపు వెళ్ళేవి 2000లో కట్టిన పెద్ద వంతెన మీదుగా సముద్రం దాటి స్వీడన్‌లోని మాల్మోకి. ప్లాట్‌ఫాం మారితే దేశం మారిపోతుంది. మెట్రో అయితే ఎయిర్‌పోర్టే చివరి స్టేషను, తప్పు దిక్కు ఎక్కే అవకాశమే లేదు.

దిగడానికి నోరెపోర్ట్ స్టేషను మంచిది. అక్కడికి దగ్గర్లో గుండ్రటి బురుజు ఉంది, నాలుగో క్రిస్టియన్ రాజు కట్టించాడు, 1642లో పూర్తయింది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి ఇదే ఎందుకంటే దాదాపు మెట్లు లేవు. ఇటుకలు పరిచిన వాలు దారి ఏడున్నర చుట్లు తిరుగుతూ పైకి పోతుంది, తెల్లటి గోడ, అక్కడక్కడా లోతైన కిటికీలు, ఆగి ఊపిరి తీసుకోవడానికి బాగుంటాయి. 1716లో రష్యా చక్రవర్తి పీటర్ గుర్రం మీదే పైకెక్కాడని చెప్తారు. చిట్టచివర మాత్రం ఇరుకు మెట్లు కొన్ని ఉన్నాయి, వద్దనుకుంటే అక్కడే ఆగిపోవచ్చు.

అక్కడి నుంచి మెల్లగా నడుస్తూ న్యూహావ్న్ కాలువ ఒడ్డుకి రండి. రంగురంగుల పాత ఇళ్ళు, ముందు పడవలు, ఫొటోల్లో అందరూ చూపించేది ఇదే. ఇక్కడ గంట సేపు తిప్పే పడవ ఎక్కమంటాను నేను. జలకన్య విగ్రహం చూడాలని చాలామంది రెండు కిలోమీటర్ల పైన నడుస్తారు, తీరా చూస్తే బొమ్మ నాలుగడుగులు. పడవలోంచి ఆవిడ వీపు కనిపిస్తుంది, చాలు. పడవ క్రిస్టియన్స్‌హావ్న్ అనే పేట వైపు వెళ్ళినప్పుడు, ఆసియాతో వర్తకం చేసిన డెన్మార్క్ వాళ్ళ ఆసియాటిక్ కంపెనీ పాత గోదాములు చూడండి. మన బాలాసోర్‌లో కూడా ఈ డేన్‌లకి వర్తక స్థావరం ఉండేది, 1845లో తమిళనాడులోని తరంగంబాడితో పాటు ఇంగ్లీషువాళ్ళకి అమ్మేసి వెళ్ళారు. మన తీరంతో బేరాలాడినవాళ్ళ సరుకు దిగిన చోటు అది.

టివోలి అనే ఆటల పార్కు వద్దు. బాగుంటుంది, కాకపోతే ఏడాది పొడుగునా తెరిచి ఉండదు, టికెట్ పెట్టి రెండు గంటలకి వెళ్ళేది కాదు. డిసెంబర్లో అయితే మధ్యాహ్నం మూడున్నర దాటితే చీకటే, కాబట్టి పడవ ముందు, బురుజు తర్వాత పెట్టుకోండి.

సైకిళ్ళ సంగతి మర్చిపోకండి. ఫుట్‌పాత్‌కీ రోడ్డుకీ మధ్య సైకిళ్ళ దారి వేరేగా ఉంటుంది, చూడ్డానికి ఫుట్‌పాత్‌లాగే ఉంటుంది. మా బాబాయ్ పిన్నిని ఫొటో తియ్యడానికి రెండడుగులు వెనక్కి వేసి అందులోకి వెళ్ళాడు, వెనకనుంచి గంటలు, ఒకావిడ డేనిష్‌లో ఏదో అంది, అర్థం కాకపోయినా అర్థమైంది. తిండికి నోరెపోర్ట్ పక్కనే టోర్వెహాలెర్న్ అనే అంగళ్ళ బజారు ఉంది, పంది మాంసం ఎక్కువ వాడే దేశం కాబట్టి శాకాహారులు అడిగి తినండి. కుళాయి నీళ్ళు తాగొచ్చు, ఖాళీ సీసా ఒకటి పెట్టుకోండి, టాయిలెట్లో చెంబు ఉండదు కాబట్టి అక్కడా అదే పనికొస్తుంది.

జర్మనీలోనో స్వీడన్‌లోనో టాక్స్ ఫ్రీ కాగితాలతో, అంటే కట్టిన పన్ను వెనక్కి తీసుకునే కాగితాలతో, ఏమైనా కొని ఉంటే, యూరోపియన్ యూనియన్ వదిలే చివరి ఎయిర్‌పోర్టు ఇదే కాబట్టి కస్టమ్స్ ముద్ర ఇక్కడే. వస్తువు చూపించమంటారు, అందుకని అది చేతి సంచిలో ఉంచండి. జామ్, తేనె, క్రీములు వంద మిల్లీలీటర్లు దాటితే మాత్రం పెద్ద పెట్టెలోకే.

ఢిల్లీలో దిగేవాళ్ళు పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్ళీ లోపలి విమానానికి ఇవ్వాల్సి రావచ్చు, అందుకని అక్కడ కనీసం నాలుగు గంటలు వదలండి. పర్లాకిమిడి, రాయగడ వాళ్ళకి విశాఖ మేలు, బరంపురం వాళ్ళకి భువనేశ్వర్. రైలు టికెట్ మాత్రం విమానం దిగాల్సిన టైముకి ఆనించి తీసుకోవద్దు, ఒక బండి వదిలి తర్వాతి దానికి తీసుకోండి.