తాగుడు మానాలనుకునేవారి కోసం ఊళ్లో అవగాహన సభ జరిపే తీరు

తాగితే కాలేయం చెడుతుందని, సంసారం వీధిన పడుతుందని చెప్పే సభలకు మన ఊళ్లలో కొదవ లేదు. అవి తాగేవారికి కూడా తెలిసిన సంగతులే. మానాలనుకున్న మనిషి మరునాడు పొద్దున్నే ఎక్కడికి వెళ్లాలి, ఏం చేయాలి అన్న ప్రశ్నకు సభ జవాబు చెప్పాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలతో ఊపందుకున్న ఉద్యమం 1993 అక్టోబరులో సారా నిషేధాన్ని సాధించింది. దుకాణం మూతపడ్డాక అలవాటు పడిన శరీరం సంగతి ఏమిటన్నది మాత్రం ఇప్పటికీ ఇంటివారి బాధగానే మిగిలిపోయింది.

సభను సాయంత్రం కాక ఉదయం పూట పెట్టుకోవాలి. తాగేవారి కోసమని చాటింపు వేయిస్తే రావలసినవారే రారు కనుక కుటుంబ ఆరోగ్య సభగా చెప్పి, మహిళా సంఘాల ద్వారా కబురు పంపడం మేలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారిని, ఆశా కార్యకర్తను ముందే పిలవాలి.

ఎక్కువ సమయం కేటాయించవలసింది, మానిన తొలి రోజుల్లో వచ్చే ప్రమాదాలకు. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఉన్నపళంగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు పట్టడం మొదలవుతాయి; మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు; రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరు లేనివి చూస్తూ, అయినవారిని కూడా పోల్చుకోలేని స్థితికి చేరతారు. దీనిని గాలి సోకడమనుకుని మంత్రగాడి దగ్గరకు తీసుకుపోతే ప్రాణానికే ముప్పు. మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటు పడినవారికీ ఇదే గండం. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటివారు వరుస కట్టారు. బాగా నీరసించినవారికి గ్లూకోజ్ ఎక్కించే ముందు గాని, దానితోపాటు గాని బి1 విటమిన్ ఇంజెక్షన్ ఎందుకు అవసరమో వైద్యుని చేతనే చెప్పించాలి.

తాగుడు మాన్పిస్తుందంటూ అమ్మే పొడులను, మాత్రలను మనిషికి తెలియకుండా కూరలో కలపవద్దని గట్టిగా చెప్పాలి. వాటిలో తాగుడు మాన్పించడానికి వైద్యులు వాడే డైసల్ఫిరామ్ అనే మందు ఉంటే, అది తిన్న మనిషి ఆపై తాగినప్పుడు రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

మానినవారి చేత మాట్లాడించాలనుకుంటే వారి అనుమతి తప్పనిసరి. ఫొటోలు, వీడియోలు తీయనివ్వరాదు. తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ బృందాలు 1935లో అమెరికాలో మొదలయ్యాయి; వాటిలో పేరు గోప్యంగా ఉంచడం నియమం కావడానికి ఒక కారణం, నలుగురిలో పేరు బయటపడుతుందన్న బిడియమే. మానిన తర్వాత మళ్లీ తాగిన రోజుల గురించి కూడా వక్త దాచకుండా చెబితే, ఒకసారి జారినవారు చికిత్సకు తిరిగి రావడానికి వెనుకాడరు.

వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబర్లను పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించాలి. బెల్టు షాపుకు ఎదురు గోడ దొరికితే మరీ మంచిది. ఆసుపత్రికి తోడు వెళ్లే ఇద్దరి పేర్లు, అందుకయ్యే ఆటో ఖర్చు సంఘం భరిస్తుందా లేదా అన్నది జనం లేచి వెళ్లకముందే తేల్చుకోవాలి.