కరెంటు పోయి వచ్చినా వైఫై దానంతట అదే కలవాలంటే

భీమవరం దగ్గర రొయ్యల చెరువు గట్టున ఉన్న మా మకాంలో, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచి ఫోనుకు పంపే రాస్ప్‌బెర్రీ పై జీరో డబ్ల్యూ అనే చిన్న కంప్యూటరు బోర్డు ఒకటి పనిచేస్తోంది. ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. ఆ వేళ కరెంటు పోయి వస్తే, బోర్డుకు కీబోర్డు తగిలించి వైఫై కలిపే మనిషి ఉండడు. అందుకని, చిన్న బోర్డులకు లినక్స్ తయారుచేసే సాధనమైన బిల్డ్‌రూట్‌తో సొంతంగా కట్టుకున్న లినక్స్‌లో ఆ పని బూటుతో పాటే జరిగేలా చూసుకోవాలి.

ముందుగా వైఫై చిప్పును నడిపే డ్రైవరు. దానిని లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే కలిపేస్తే, ఫైళ్లన్నీ ఉండే రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ కాకముందే (అందుబాటులోకి రాకముందే), చిప్పులోకి ఎక్కించాల్సిన ఫర్మ్‌వేర్ ఫైలు కోసం వెతికి, దొరకక ఊరుకుంటుంది. విడిగా ఎక్కించగల మాడ్యూల్‌గా కట్టి, స్టార్టప్ స్క్రిప్టులో మోడ్‌ప్రోబ్ ఆదేశంతో ఎక్కించడం మేలు.

తరువాత, పాస్‌వర్డుతో వైఫైకి కలిపే ప్రోగ్రాం అయిన డబ్ల్యూపీఏ సప్లికెంట్‌కు కాన్ఫిగరేషన్ ఫైలు రాయాలి. దేశం కోడ్‌గా ఐఎన్ అని ఇవ్వండి. డబ్ల్యూపీఏ పాస్‌ఫ్రేజ్ ఆదేశం మీ పాస్‌వర్డును 64 హెక్సా అంకెల కీగా మారుస్తుంది. అయితే అసలు పాస్‌వర్డును కూడా పక్కనే కామెంటుగా వదిలేస్తుంది కనుక, ఆ వరుసను చెరిపి, ఫైలుకు 600 పర్మిషన్ (యజమాని మాత్రమే చదివి, రాయగలిగేది) పెట్టండి.

ఇనిట్ డాట్ డి ఫోల్డరులో ఎస్ అక్షరం, రెండంకెల సంఖ్యతో మొదలయ్యే స్క్రిప్టులు ఆ సంఖ్యల వరుసలో నడుస్తాయి. మన స్క్రిప్టు మాడ్యూల్‌ను ఎక్కించి, సప్లికెంట్‌ను బ్యాక్‌గ్రౌండ్‌లో నడిపి, ఆపైన ఐపీ అడ్రసు కోసం, బిజీబాక్స్ (చిన్న ఆదేశాల మూట) లోని యూడీహెచ్‌సీపీసీని పిలవాలి; రౌటరును అడ్రసు అడిగేది అదే. నేను తప్పటడుగు వేసింది ఇక్కడే. మొదట్లో ఈ పనిని, నెట్‌వర్కును లేపే ఆదేశమైన ఇఫ్‌అప్‌కు వదిలేశాను. అది యూడీహెచ్‌సీపీసీని "ఎన్" ఆప్షన్‌తో నడుపుతుంది. అంటే కొన్నిసార్లు అడిగి, అడ్రసు రాకపోతే ఆ ప్రోగ్రాం మానేసి వెళ్లిపోతుంది. కరెంటు వచ్చినప్పుడు బోర్డూ రౌటరూ ఒకేసారి లేస్తాయి గానీ, మా రౌటరు తేరుకోవడానికి బోర్డు కంటే ఎక్కువ సమయం పడుతుంది. దాంతో ఇంట్లో బల్ల మీద చక్కగా కలిసిన బోర్డు, మకాంలో మాత్రం మూగదైంది. "ఎన్" బదులు "బి" ఇస్తే, అది బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్లి, మామూలు సెట్టింగులలో 20 సెకన్లు ఆగి ఆగి అడుగుతూనే ఉంటుంది. ఇఫ్‌అప్ చదివే ఫైలులో డబ్ల్యూలాన్ సున్నా (లినక్స్‌లో వైఫైకి ఉండే పేరు) మిగిలి ఉంటే తీసేయండి, లేకపోతే ఇఫ్‌అప్, మన స్క్రిప్టు రెండూ పోటీపడతాయి.

పరీక్షించేటప్పుడు రీబూట్ ఆదేశంతో సరిపెట్టుకోవద్దు. ఫైళ్లు డిస్కులోకి చేరేలా సింక్ ఆదేశం ఇచ్చి, రౌటరుతో సహా మెయిన్ స్విచ్చి దించి, ఎత్తి, ఫోనులో మొదటి కొలత వచ్చేదాకా చూడండి.