మాంగనీసు గనిలో వాననీటి కాలవలు: గెడ్డలోకి ఎర్రనీరు దిగకుండా

విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనుల మీద ఊళ్లోంచి వచ్చే ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: గెడ్డ (వాగు) ఎర్రబడింది, చెరువు పూడిపోతోంది. చాలామంది దీనికి చివర్లో పెద్ద సెట్లింగ్ ట్యాంకు (బురద అడుక్కి దిగే తొట్టి) కట్టేస్తే చాలనుకుంటారు. ట్యాంకు ఆఖరి కాపలా మాత్రమే. మన్ను డంపు (గనిలోంచి తీసి పోసిన వ్యర్థపు మన్నుగుట్ట) అడుగునే ఆగాలి.

డంపు చుట్టూ గనిలో దొరికే రాళ్లతోనే, సిమెంటు లేకుండా, మీటరు ఎత్తు గోడ పేర్చండి. పునాది అరమీటరు, వెనక సన్న కంకర. సిమెంటు పూస్తే నీరు వెనకే నిలిచి గోడను తోసేస్తుంది. ఉత్తి రాతిగోడ వడకడుతుంది. వాలు అంచుకీ గోడకీ మధ్య మీటరున్నర ఖాళీ ఉంచండి, జారిన మన్ను అందులో పడుతుంది, ఎత్తిపోయడం తేలిక. వాలు మీద వట్టివేరు వరసలుగా, మొక్కకీ మొక్కకీ 15 సెం.మీ. ఎడంతో మృగశిర వానలకు నాటండి.

కాలవలు రెండు రకాలుగా విడదీయాలి. కొండ మీంచి వచ్చే తేటనీటిని గని బయటినుంచే గెడ్డకు మళ్లించండి. డంపు మీంచి వచ్చే బురదనీటికి వేరే కాలవ, అది ట్యాంకుకే. తేటనీరు లోపలి బురదనీటిలో కలిసిందా, ఎంత ట్యాంకు కట్టినా చాలదు.

ఇక కొలత. పదెకరాల డంపు ప్రాంతం, అంటే సుమారు 4 హెక్టార్లు, గంటకు 60 మి.మీ. వాన, అందులో 60 శాతం పారుతుందనుకుంటే సెకనుకు 0.4 ఘనమీటర్ల నీరు. దీనికి అడుగు వెడల్పు 0.6 మీ., లోతు 0.9 మీ., పక్కలు ఒకటికి ఒకటి వాలు, పారుదల వాలు 500 మీటర్లకు మీటరు ఉన్న మట్టికాలవ సరిపోతుంది. ఎక్కువగా దెబ్బతినేది టిప్పర్ల రోడ్డు దాటేచోట. అక్కడ 600 మి.మీ. హ్యూమ్ పైపు (సిమెంటు గొట్టం) వేసేస్తారు. అదే వాలులో అది 0.27 ఘనమీటర్లే మోస్తుంది, మిగతాది రోడ్డెక్కి పారుతుంది. 900 వేయండి.

పూడిక తీసేటప్పుడు జేసీబీవాళ్లు మన్నుని చేతికందిన పక్క పోసేస్తారు. అది ఎగువ గట్టు మీద పడితే ఎగువనుంచి వచ్చే నీరు కాలవలోకి రాకుండా అడ్డుకుంటుంది, పైగా మొదటి వానకే మళ్లీ లోపలికి జారుతుంది. దిగువ పక్క, అంచుకు మీటరు ఎడంగా పోయించండి. రోహిణి కార్తెలో ఒకసారి తీశాం కదా అని ఊరుకోవద్దు. 2018లో తిత్లీ తుపాను అక్టోబరులో వచ్చింది, 2021లో గులాబ్ తుపాను సెప్టెంబరు చివర్లో. సెప్టెంబరు మొదటివారంలో రెండో విడత తప్పనిసరి.

సెట్లింగ్ ట్యాంకును అరగంట నీరు నిలిచేలా, ఈ లెక్కకు 720 ఘనమీటర్లు, మూడు గదులుగా కట్టండి. బురదకు అదనపు లోతు వేరే. గుర్తులు పెట్టిన వెదురుకర్రకు చిన్న రేకు బిగించి వారానికోసారి ముంచి చూడండి. మొదటి గదిలో లోతులో మూడోవంతు బురద చేరితే తీసేయాలి. గని గోతిలో నీరు తోడే పంపు గొట్టాన్ని కాలవలోకి వదలకుండా నేరుగా మొదటి గదిలోకే పెట్టండి.

బయటికి వదిలే నీటిలో తేలే మట్టి లీటరుకు 100 మి.గ్రా., మాంగనీసు 2, ఇనుము 3 మించకూడదు, పీహెచ్ 5.5 నుంచి 9. మాంగనీసు ఎక్కువొస్తే వడకట్టిన నమూనా, వడకట్టని నమూనా రెండూ పరీక్షకు పంపండి. వడకట్టాక తగ్గితే తప్పు బురదది, పటికతోనో పూడికతీతతోనో దారికొస్తుంది. తగ్గకపోతే అది కరిగిన మాంగనీసు, ట్యాంకు ఎంత పెంచినా దిగదు, వేరే శుద్ధి కావాలి. బొగ్గుగని నివేదికల్లోని సున్నం గోతిని యథాతథంగా దింపుకోవడం మనవాళ్లకు అలవాటు. అక్కడి సమస్య పైరైట్ (గంధకమున్న ఇనుప ఖనిజం) వల్ల వచ్చే ఆమ్లం. ఇక్కడ ముందు పీహెచ్ చూసి మాట్లాడండి.

పర్యావరణ అనుమతి షరతుల అమలు నివేదిక జూన్ 1, డిసెంబరు 1కి. ఫారం-5 (ఏటా ఇచ్చే పర్యావరణ నివేదిక) సెప్టెంబరు 30లోగా. పంపు నడిచిన గంటలు రోజూ పుస్తకంలో రాయించండి. ఆ గంటలను పంపు సామర్థ్యంతో గుణిస్తే వచ్చే అంకె, నివేదికలో రాసిన నీటి అంకె ఒకటి కాకపోతే తనిఖీకి వచ్చినవారు అక్కడే పట్టుకుంటారు.