ఓపెన్ వరల్డ్ గేమ్ ఆడబుద్ధి కావట్లేదా? లోపం ఎక్కడుందో చూద్దాం

ఎంతో ఇష్టపడి కొన్న ఓపెన్ వరల్డ్ ఆర్‌పీజీని (ఒక పాత్రగా మారి పెద్ద ప్రపంచంలో ఇష్టమొచ్చినట్టు తిరుగుతూ ఆడే గేమ్‌ని) సగంలో వదిలేసినవాళ్లను అడిగితే "గేమ్ బాగానే ఉంది, ఎందుకో ముందుకు వెళ్లలేదు" అంటారు. చాలాసార్లు కారణం ఒక్కటే. మ్యాప్‌ని తిరిగే చోటులా కాకుండా పనుల చిట్టాలా చూడటం. మిగతావి చిన్నచిన్న చిక్కులు. మీది ఏ సమస్యో చూసుకుని నేరుగా అక్కడికి వెళ్లండి, అంతా చదవాల్సిన పనిలేదు.

సమస్య: గంటలకు గంటలు ఆడినా మొదటి ఏరియా దాటలేదు, అప్పుడే విసుగొచ్చేసింది

కారణం: మ్యాప్‌లో కనిపించిన ప్రతి గుర్తునూ ముగిస్తే గానీ కదలకపోవడం. 2014లో వచ్చిన 'డ్రాగన్ ఏజ్: ఇంక్విజిషన్' దీనికి పేరుమోసిన ఉదాహరణ. కథ మొదలైన కాసేపటికే హింటర్‌లాండ్స్ అనే పెద్ద ప్రాంతంలో వదిలిపెడుతుంది. శరణార్థులకు మాంసం తెచ్చివ్వాలి, దుప్పట్లు వెతకాలి, గుర్రాలాయన కోసం కాపలా బురుజులకు చోట్లు గుర్తుపెట్టాలి. ఒకటి అయ్యేలోపు ఇంకో రెండు వచ్చి పడతాయి. అన్నీ చేసేద్దామని కూర్చుని అక్కడే గేమ్‌కి దండం పెట్టినవాళ్లు ఎందరో. నిజానికి కథ ముందుకు సాగడానికి కావలసింది ఇలాంటి పనులు చేస్తే వచ్చే కాసిన్ని పవర్ పాయింట్లే. పైగా ఆ ప్రాంతంలోనే ఒక మూల డ్రాగన్ ఉంటుంది, తక్కువ లెవెల్‌లో దాని జోలికి వెళ్తే బూడిదే. ఒకే విడతలో ముగించడానికి తయారుచేసిన చోటు కాదది.

పరిష్కారం: ఇంకో ప్రాంతం తెరుచుకునేదాకా మెయిన్ క్వెస్ట్ (అసలు కథను నడిపే పని) పట్టుకుని వెళ్లండి. దారిలో ఒక మనిషి ఎదురై తన గోడు చెప్పుకుని సాయం అడిగితే చేయండి. "పది తోళ్లు పట్టుకురా" లాంటివి మొహమాటం లేకుండా వదిలేయండి. ('ది విచర్ 3'లో మాత్రం నోటీసు బోర్డు మీది కాంట్రాక్టులకు (రాక్షసుల వేట పనులకు) కూడా కథ ఉంటుంది, వాటిని వదులుకోవద్దు.)

అన్నీ పూర్తిచేయకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుందా? 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'లో కొరోక్ విత్తనాలు 900. ఆయుధాలు, విల్లులు, డాళ్లు పెట్టుకునే జాగా పూర్తిగా పెంచుకోవడానికి 441 చాలు. మిగతావన్నీ కూడా ఏరి తెస్తే దక్కేది, చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, పెంట ఆకారంలో ఉన్న ఒక బంగారు బహుమతి! అన్నీ వెతకమని కాదు, ఎటు వెళ్లినా ఏదో ఒకటి దొరకాలని అన్ని పెట్టారు. 'స్కైరిమ్'లో జార్ల్‌ల (ప్రాంత పాలకుల) పేరుతో వచ్చే బందిపోట్ల వేట, కంపానియన్స్ అనే యోధుల బృందం ఇచ్చే చిన్న పనుల్లాంటివి గేమే అప్పటికప్పుడు పుట్టిస్తూ ఉంటుంది, అవి ఎప్పటికీ అయిపోవు. 'విచర్ 3'లో స్కెల్లిగే దీవుల చుట్టూ సముద్రం నిండా ఉండే ప్రశ్నార్థకాల్లో ఎక్కువ భాగం నీళ్లలో తేలే దొంగసరుకే. మ్యాప్ ఫిల్టర్‌లో ఆ గుర్తులు దాచేయండి. నా మటుకు, ఒక్క సెట్టింగ్‌తో గేమ్ ఇంతగా మారడం ఇంకెక్కడా చూడలేదు.

సమస్య: మొదట్లోనే బాస్ (బలమైన పెద్ద శత్రువు) చంపేస్తున్నాడు, ఎన్నిసార్లు వెళ్లినా అంతే

కారణం: మీ ఆట బాగాలేక కాదు, మీరు అక్కడికి తొందరగా వెళ్లారు. 2022 నాటి 'ఎల్డెన్ రింగ్'లో బయటి ప్రపంచంలోకి అడుగుపెట్టగానే బంగారు కవచంతో గుర్రం మీద ట్రీ సెంటినెల్ తిరుగుతుంటాడు. వాడితో ఇప్పుడే తలపడమని ఎవరూ అనలేదు, పక్కనుంచి వెళ్లిపోండి. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. గ్రేస్ (ఆగి సేదతీరే చోటు) దగ్గర కనిపించే బంగారు వెలుగు చూపించిన దారినే పోతే తిన్నగా స్టార్మ్‌వెయిల్ కోట ముందు మార్గిట్ అనే బాస్ చేతిలో పడతారు. ఆ వెలుగు దారి చూపిస్తుంది, అంతే. మీరు సిద్ధమయ్యారో లేదో దానికి పట్టదు.

పరిష్కారం: దక్షిణాన ఉన్న వీపింగ్ పెనిన్సులాకి వెళ్లండి. అక్కడి శత్రువులు మీ స్థాయికి తగ్గవాళ్లు. ముందు ఆయుధం సంగతి చూడండి. చర్చ్ ఆఫ్ ఎల్లే దగ్గరున్న బల్ల మీద మామూలు కత్తిని ప్లస్ 3 దాకా పెంచుకోవచ్చు. మొదటి రకం స్మిథింగ్ స్టోన్స్ (ఆయుధాన్ని పెంచే రాళ్లు) ప్లస్ 1కి 2, ప్లస్ 2కి 4, ప్లస్ 3కి 6, మొత్తం 12 కావాలి. లిమ్‌గ్రేవ్ టన్నెల్స్ అనే గనిలో గోడలకు అతుక్కుని మెరుస్తుంటాయి. కత్తి దెబ్బ పెరగడం లెవెల్ పెరగడం కంటే ముందు తెలుస్తుంది. తర్వాత రూన్స్‌ని (శత్రువులను చంపితే వచ్చే, లెవెల్ పెంచుకునే సొమ్ముని) ప్రాణం పెంచే విగర్‌లో పోయండి. కొత్తవాళ్లు దెబ్బ మీద మోజుతో స్ట్రెంగ్త్ పెంచుకుని, ప్రాణం సరిపోక రెండు దెబ్బలకే పోతారు. టొరెంట్ అనే గుర్రం దొరికాక రాత్రిపూట చర్చ్ ఆఫ్ ఎల్లేకి వెళ్తే రెన్నా అనే ఆవిడ ఆత్మలను పిలిచే గంట ఇస్తుంది. ఆ గంటతో పిలిచిన తోడేళ్లను వెంటబెట్టుకుని మార్గిట్ మీదికి వెళ్లడం మోసమేమీ కాదు.

మరీ తేలిగ్గా ఉంటే దీనికి తలకిందులు. సైడ్ క్వెస్ట్‌లతో లెవెల్ ముదిరిపోయిందన్నమాట. డిఫికల్టీ ఒక మెట్టు పెంచండి. 'విచర్ 3'లో శత్రువుల లెవెల్‌ని మీతోపాటు పెంచే ఆప్షన్ కూడా ఉంది.

సమస్య: ఎప్పుడు చూసినా బరువెక్కువై పరిగెత్తలేకపోతున్నాను

'స్కైరిమ్'లో 300 బరువు మోయగలిగే శక్తితో మొదలవుతారు. ఇనుప వార్‌హ్యామర్ బరువు 24, ధర 60. బంగారు ఉంగరం బరువు పావు, ధర 75. ఇది చూశాక ఇంకా సుత్తులు ఏరుతారా? ధరను బరువుతో భాగించి, పదికి తక్కువొస్తే అక్కడే వదిలేయండి. దాచుకోవాలంటే సొంత ఇంటి పెట్టెలోనే దాచండి. గుహల్లో కనిపించే పెట్టెల్లో పెట్టినవి తర్వాత మాయమైపోవచ్చు.

సమస్య: ఏ సమాధానం చెబితే ఏమవుతుందోనని టెన్షన్

ఫోన్‌లో గైడ్ తెరుచుకుని ఆడటం దీని లక్షణం. 'విచర్ 3'లో ఒక చోట తీసుకున్న నిర్ణయం ఫలితం గంటల తర్వాత బయటపడుతుంది, పాత సేవ్ లోడ్ చేసి సరిదిద్దుకుందామంటే ఆ గంటలన్నీ మళ్లీ ఆడాలి. కాబట్టి గైడ్ మూసేయండి. పాత్రకు తప్పు స్కిల్స్ ఇచ్చానేమోనన్న బెంగ అయితే అసలు అక్కర్లేదు. 'విచర్ 3'లో పోషన్ ఆఫ్ క్లియరెన్స్, 'ఎల్డెన్ రింగ్'లో రెన్నాలా అనే బాస్‌ను ఓడించాక లార్వల్ టియర్ అనే వస్తువు ఉపయోగించి పాయింట్లన్నీ మళ్లీ మొదటి నుంచి పంచుకోవచ్చు.

సమస్య: కాసేపు ఆడితే తల తిరుగుతోంది

సెట్టింగ్స్‌లో మోషన్ బ్లర్ (కదిలేటప్పుడు వచ్చే మసక), కెమెరా షేక్ ఆపేయండి. ఫీల్డ్ ఆఫ్ వ్యూ (ఒకేసారి కనిపించే దృశ్యం వెడల్పు) పెంచండి, స్క్రీన్‌కి కాస్త దూరం జరగండి. అప్పటికీ తిప్పుతుంటే ఆ పూటకి ఆపేయడమే, ఓర్చుకుని ఆడితే ఇంకా ఎక్కువవుతుంది.

సమస్య: నెలల తర్వాత తెరిస్తే ఏమీ గుర్తులేదు

మళ్లీ మొదటి నుంచి ఆడాలనిపిస్తుంది. వద్దు, అలా మొదలుపెడితే పాత చోటికే వచ్చి మళ్లీ ఆగిపోతారు. ముందు కంట్రోల్స్ పేజీ ఒకసారి చూసి, ఊరి బయట బలహీనమైన శత్రువుల మీద చేయి సాపు చేసుకోండి. జర్నల్‌లో ఒక్క క్వెస్ట్‌ని మాత్రమే ట్రాక్‌లో ఉంచి మిగతావి తీసేయండి. 'విచర్ 3' అయితే సేవ్ లోడ్ అవుతున్నప్పుడే ఇంతవరకూ జరిగిన కథ చెబుతుంది, స్కిప్ నొక్కకుండా వినండి. కథలో పెద్ద ఫైట్ ముందే సేవ్ చేసి ఉంటే నేరుగా అందులోకి దిగకుండా, వెనక్కి వచ్చి ఒక చిన్న క్వెస్ట్ చేసి వెళ్లండి. అప్పటికీ చేతులు కుదరకపోతే డిఫికల్టీ ఒక మెట్టు తగ్గించి, అలవాటయ్యాక మళ్లీ పెంచుకోండి.