స్నూకర్ నేర్చుకుందాం – 5వ పాఠం: మీ చేతికి తగిన క్యూ

నాలుగో పాఠం చివర మీకొక పని అప్పగించాను. తెల్ల బంతిని బ్రౌన్ స్పాట్ (గోధుమ రంగు బంతిని పెట్టే గుర్తు) మీద పెట్టి, బ్లూ, పింక్, బ్లాక్ స్పాట్ల మీదుగా నేరుగా ఎదుటి కుషన్‌కి (టేబుల్ అంచు దిమ్మకి) కొట్టాలి, అది తిరిగొచ్చి మీ క్యూ, అంటే బంతిని కొట్టే కర్ర, కొసనున్న టిప్‌ని తాకాలి. పదిసార్లు కొట్టి ఎన్నిసార్లు టిప్ దాకా వచ్చిందో కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఈ పాఠం చదవండి, ఎందుకంటే ఏ క్యూ కొనాలి అన్న ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది. ఇంకా చేయనివాళ్లు ఇక్కడే ఆగి, ముందు అది చేసి రండి.

ఆ పరీక్షకి అంత విలువ ఎందుకంటే, బ్రౌన్ స్పాట్ నుంచి ఎదుటి కుషన్‌కి తొమ్మిది అడుగుల పైచిలుకు, తిరుగు ప్రయాణం మళ్లీ అంతే, మధ్యలో మన తప్పుని కప్పిపెట్టడానికి ఇంకో బంతి లేదు. తెల్ల బంతి మొత్తం వెడల్పే 52.5 మిల్లీమీటర్లు. నడిమధ్య కొడుతున్నాం అనుకుంటూ ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కన తాకితే చాలు, బంతికి సైడ్, అంటే పక్కవాటు స్పిన్, వచ్చేస్తుంది, కుషన్‌కి తగిలాక దారి తప్పుతుంది. పదింటిలో నాలుగుకి మించి తిరిగి రాకపోతే, పైగా తప్పినవి ఒకసారి ఎడమకి ఒకసారి కుడికి పోతుంటే, మీరు మొదటి మెట్టు మీద ఉన్నట్టు. ఐదు నుంచి ఏడు వస్తూ, తప్పినవి ఎక్కువగా ఒకే వైపు పోతుంటే రెండో మెట్టు. ఎనిమిది, తొమ్మిది వస్తూ, ఆటలో కావాలనే సైడ్ వాడి తెల్ల బంతిని తర్వాతి షాట్‌కి తెచ్చుకోగలుగుతుంటే మూడో మెట్టు. మీ పెద్ద బ్రేక్ (ఒకే విడతలో వరసగా చేసిన పాయింట్లు) ఎంత అని నేను అడగడం లేదు, బంతులన్నీ అనుకూలంగా పడిన రోజు ఎవరికైనా 30 వస్తుంది. ఈ మెట్లు నేను నేర్పేటప్పుడు వాడుకునే లెక్క, అంతే.

మొదటి మెట్టు వాళ్లకి ముందే చెప్తున్నా. సొంత క్యూ ఇప్పుడే కొనండి, కానీ ఖరీదైనది కొనకండి. ఈ రెండు మాటలూ కలిపే వినాలి. పార్లర్ స్టాండ్‌లో ఉండే స్టిక్స్‌తోనే నెలల తరబడి ఆడేవాళ్లు చాలామంది ఉంటారు. ఇవాళ చేతికి దొరికింది 17 ఔన్సులది, రేపు 20 ఔన్సులది, ఒకదాని టిప్ అరిగిపోయి కింది ఇత్తడి తొడుగు బయటపడింది, ఇంకోదాని కొస వంగిపోయింది. చేయి ఒకే కదలికని వేలసార్లు చేసి గుర్తుపెట్టుకోవాల్సిన ఆట ఇది, చేతిలో కర్ర రోజుకొకటి మారితే చేయి ఏం గుర్తుపెట్టుకుంటుంది? షాట్ తప్పినప్పుడు తప్పు మీదో కర్రదో కూడా తెలియదు. అందుకే సాదాసీదాదైనా సరే, అచ్చంగా మీదైన క్యూ ఒకటి కావాలి.

నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. ఆట మొదలుపెట్టిన ఆరో నెలలో, బట్ (చేత్తో పట్టుకునే వెనక భాగం) మీద నాలుగైదు రంగుల చెక్క పొరలున్న క్యూ ఒకటి చూసి మనసు పారేసుకున్నాను. టిప్ 8.5 మిల్లీమీటర్లు, ముందు భాగం సన్నగా, కొడితే ఊగేది. స్పిన్ బాగా వస్తుందని అమ్మినాయన అన్నాడు. నిజమే, కానీ నాకు అక్కర్లేని చోట కూడా వచ్చేది. నేరుగా ఉన్న పాట్లు (బంతిని జేబులో వేసే షాట్లు) తప్పుతుంటే స్టాన్స్ (నిలబడే తీరు) మార్చాను, బ్రిడ్జ్ (క్యూకి ఆనుగా టేబుల్ మీద పెట్టే ముందు చేయి) మార్చాను, చివరికి కళ్లు కూడా పరీక్ష చేయించుకున్నాను. ఏడాది తర్వాత ఒక స్నేహితుడి క్యూతో, 9.5 టిప్ ఉన్నదానితో, పది నిమిషాలు ఆడాకగానీ అసలు సంగతి తెలియలేదు. ఆ ఏడాది మీకు పోకూడదనే ఈ పాఠం ఇంత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి టిప్ నుంచే మొదలుపెడదాం. టిప్ పైభాగం గుండ్రంగా ఉంటుంది, బంతీ గుండ్రమే. రెండూ తాకినప్పుడు, టిప్ ఎంత చదునుగా ఉంటే మీ చేయి పక్కకి జరిగిన దూరం బంతి మీద అంత తగ్గి పడుతుంది. సన్నటి టిప్‌ని సాధారణంగా ఇంకా ఎక్కువ గుండ్రంగా చేస్తారు కాబట్టి చేతి తప్పు బంతి మీదకి ఎక్కువగా వెళ్తుంది. చేయి స్థిరపడినవాళ్లకి అదే లాభం, ఎందుకంటే బంతి మీద తాము అనుకున్న చోటుని వెంట్రుకవాసి తేడా లేకుండా తాకగలరు. స్నూకర్ టిప్‌లు మామూలుగా 9 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి. మొదటి మెట్టుకి 9.5 నుంచి 10, రెండో మెట్టుకి 9.5 సరిపోతాయి. మూడో మెట్టులో 9కి దిగాలనిపిస్తే దిగొచ్చు, దిగి తీరాలని ఏమీ లేదు. పూల్ క్యూతో మాత్రం స్నూకర్ ఆడొద్దు, దాని టిప్ 12, 13 మిల్లీమీటర్లు ఉంటుంది, అది ఇంకా పెద్ద బంతుల కోసం చేసింది, స్నూకర్ బంతి మీద ఎక్కడ కొడుతున్నారో కనిపించనివ్వదు. టిప్ మెత్తగా ఉండాలా గట్టిగా ఉండాలా అని చాలామంది టెన్షన్ పడతారు. క్యూ కొనేటప్పుడు దాని గురించి ఆలోచించకండి, టిప్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, షాఫ్ట్‌ని, అంటే బట్ ముందుండే పొడుగాటి కర్రని, మార్చలేం.

పొడవు విషయంలో, క్యూని నిలబెడితే భుజం దాకా రావాలి అన్న పాత లెక్క ఒకటి ఉంది. మొదటి అంచనాకి పనికొస్తుంది కానీ దాన్ని నమ్ముకుని కొనకండి, మనం ఆడేది నిటారుగా నిలబడి కాదు, వంగి. రెండో పాఠంలో చెప్పిన స్టాన్స్‌లోకి దిగండి, టిప్‌ని తెల్ల బంతికి అంగుళం దూరంలో ఉంచండి, వెనక చేయి మోచేతి నుంచి కిందికి గోడ గడియారం లోలకంలా నిట్టనిలువుగా వేలాడాలి. ఇప్పుడు ఎవరినైనా చూడమనండి, పిడికిలి వెనక బట్ ఎంత మిగిలింది? రెండు మూడు అంగుళాలు మిగిలితే పొడవు కుదిరినట్టే. అసలేమీ మిగలకుండా చేయి అంచున ఉంటే అది మీకు పొట్టి, అరడుగుకి మించి బయటికి వస్తే పొడుగు. చాలామందికి 57, 58 అంగుళాలు సరిపోతుంది, బాగా పొడగరులకి 59 కావాల్సి రావచ్చు. నియమాల ప్రకారం క్యూ మూడడుగులకి తగ్గకూడదు, కాబట్టి పిల్లలకి 48 అంగుళాలది ఇచ్చినా తప్పేం లేదు, నిజానికి అలాగే ఇవ్వాలి. పెద్దవాళ్ల క్యూ పట్టుకుని సాము చేసే పిల్లలకి మోచేయి పక్కకి తెరుచుకోవడం అలవాటైపోతుంది, తర్వాత దాన్ని మాన్పించడం చాలా కష్టం.

బరువు 17 నుంచి 19 ఔన్సులు, అంటే దాదాపు 480 నుంచి 540 గ్రాములు. మధ్యలో ఉండే 18 దగ్గర మొదలుపెట్టండి. బరువైన క్యూతో దెబ్బ గట్టిగా పడుతుందనుకుంటారు, కానీ స్నూకర్‌లో బలం వేగం నుంచి, నేరుగా తాకడం నుంచి వస్తుంది, బరువు మరీ ఎక్కువైతే మీకు తెలియకుండానే పట్టు బిగుస్తుంది, పట్టు బిగిస్తే క్యూ చివర్లో మెలి తిరుగుతుంది. మరీ తేలికైతే చేతిలోని చిన్న వణుకు కూడా టిప్ దాకా పోతుంది.

బరువు కంటే అది ఎక్కడ కూర్చుందన్నదే నాకు ముఖ్యం. క్యూని ఒక వేలి మీద అడ్డంగా నిలబెట్టి, ఎక్కడ నిలుస్తుందో అక్కడి నుంచి బట్ చివర దాకా కొలవండి. 16 నుంచి 18 అంగుళాలు ఉంటే మామూలు. తూకం మరీ ముందుకుంటే బ్రిడ్జ్ చేతి మీద భారంగా ఆనుతుంది, మరీ వెనక్కుంటే తెల్ల బంతిని కొట్టే క్షణంలో టిప్ పైకి లేవాలని చూస్తుంది.

చెక్క గురించి వాదనలు ఎన్నో వింటారు, నేను పెద్దగా పట్టించుకోను. షాఫ్ట్ యాష్ అయితే మీద బాణం మొనల్లాంటి గీతలు కనిపిస్తాయి, మేపుల్ అయితే నున్నగా, దాదాపు గీతల్లేకుండా ఉంటుంది. గీతలు గురి చూడటానికి సాయం చేస్తాయనేవాళ్లు యాష్ తీసుకుంటారు, గీతలు కంటికి అడ్డం అనేవాళ్లు మేపుల్. ఆట స్థాయికీ దీనికీ సంబంధం లేదు. బట్ మీద నల్లటి ఎబొనీ షాఫ్ట్‌లోకి మొనలుగా దిగుతుంది చూడండి, ఆ మొనలు సూదిగా ఉంటే సాధారణంగా మెషీన్‌తో అతికించినది, గుండ్రంగా ఉంటే చేత్తో చేసినది. చేతిపనికి ధర ఎక్కువ, ఆ పనితనానికి నాకు గౌరవం ఉంది, కానీ మొదటి మెట్టులో దానికి డబ్బు పెట్టనక్కర్లేదు.

జాయింట్ సంగతి కొంచెం చూసుకోండి. ఒకే ముక్కగా వచ్చేవి, మధ్యలో జాయింట్ ఉన్నవి, బట్ చివర నుంచి దాదాపు నాలుగో వంతు దగ్గర జాయింట్ ఉన్నవి దొరుకుతాయి. మూడో రకంలో షాఫ్ట్ చాలావరకు ఒకే చెక్క కాబట్టి నేను దానికే ఓటేస్తాను, అయితే దాని పెట్టె పొడుగ్గా ఉంటుంది, ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లకి మధ్య జాయింట్‌దే సులువు. ఏదైనా సరే బిగించాక బట్‌ని అరచేతిలో మెల్లగా కొట్టి వినండి, లోపల గలగల వినిపిస్తే వెనక్కి ఇచ్చేయండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, వంకర. క్యూని టేబుల్ మీద దొర్లించి చూడటం అందరికీ తెలుసు, కానీ దాన్ని సగమే నమ్మండి. చాలా క్యూలకి బట్ ఒక పక్క చదునుగా చెక్కి ఉంటుంది, ఆ చదును దగ్గర క్యూ గెంతితే వంకర అనుకుని మంచిదాన్ని పక్కన పెట్టేస్తారు. అందుకని బట్‌ని టేబుల్ బయట ఉంచి, షాఫ్ట్‌ని మాత్రమే దొర్లిస్తూ, షాఫ్ట్‌కీ టేబుల్ మీది గుడ్డకీ మధ్య వెలుతురు సందు మారుతోందా అని చూడండి. ఆ తర్వాత టిప్‌ని కుషన్ మీద ఆనించి, బట్‌ని గడ్డం కింద పెట్టుకుని, ఒక కన్ను మూసి తుపాకీ గొట్టం చూసినట్టు చూడండి. పావు చుట్టు తిప్పి మళ్లీ చూడండి, అలా నాలుగుసార్లు. పొడుగూతా మెల్లగా సాగిన చిన్న వంపు ఉంటే కంగారు పడొద్దు, చెక్క అన్నాక అది మామూలే, రోజూ అదే పక్క పైకి పెట్టి ఆడితే చేయి అలవాటు పడుతుంది. యాష్ వాడేవాళ్లు బాణం మొనలు పైకి వచ్చేలా పట్టుకునే అలవాటు వెనక కారణం ఇదే. కానీ ముందు వైపు అడుగు దూరంలోపు ఒక్కచోట చటుక్కున విరుపులా కనిపిస్తే మాత్రం వద్దు, ఎంత చవకగా ఇచ్చినా వద్దు. గురి చూసే కంటికి కనిపించేది ఆ భాగమే.

రెండో మెట్టు వాళ్లు క్యూ మార్చే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. తప్పిన బంతులు ఒకే వైపు పోతున్నాయన్నారు కదా, ఇంకో రెండు క్యూలతో కొట్టినా అదే వైపు పోతున్నాయా? అవును అయితే తప్పు మీ తల ఉంచే చోటులోనో మోచేతిలోనో ఉంది, ఎంత మంచి క్యూ వచ్చినా అది పోదు, మూడో పాఠానికి తిరిగి వెళ్లండి. పాత క్యూతో మాత్రమే అలా పోతుంటే అప్పుడు మార్చండి.

మూడో మెట్టు వాళ్ల బాధ వేరు. కుడి సైడ్ వేసి కొడితే తెల్ల బంతి బయల్దేరేటప్పుడే కాస్త ఎడమకి జరుగుతుంది, ఎంత జరుగుతుందన్నది ఎక్కువగా క్యూ ముందు భాగం బరువు మీద, మందం మీద ఆధారపడుతుంది. ఇన్నేళ్లలో మీ కన్ను ఆ కొలతని తనంతట తానే లెక్కేసుకోవడం నేర్చుకుంది. క్యూ మార్చారంటే ఆ లెక్క మొత్తం పోయి కొత్తది నేర్చుకోవాలి, దానికి నెలలు పడుతుంది. స్టీఫెన్ హెండ్రీ 1990 నుంచి 1999 మధ్య ఏడు ప్రపంచ టైటిళ్లు గెలిచింది కుర్రతనం నుంచీ వాడుతున్న చవక క్యూతోనే. అంతటి ఆటగాడు ఏ క్యూ అయినా తెప్పించుకోగలడు, అయినా మార్చలేదు. 2003లో ఒక విమాన ప్రయాణంలో అది విరిగిపోయింది కాబట్టి మార్చాల్సి వచ్చింది. కాబట్టి మీ క్యూ వంగలేదు, జాయింట్ వదులవలేదు అంటే దాన్నే ఉంచుకోండి, టిప్ మార్చి చూడండి.

కొన్నాక గోడకి ఆనించి నిలబెట్టకండి, ఎండలో మూసిన కారులో వదలకండి. ఆట అయ్యాక తడిపి గట్టిగా పిండిన బట్టతో తుడిచి, వెంటనే పొడిబట్టతో తుడవండి. ఉప్పుకాగితంతో షాఫ్ట్‌ని రుద్దే అలవాటు వద్దు, రుద్దిన ప్రతిసారీ కాస్త సన్నబడుతుంది.

ఈ వారం పని: వేర్వేరు క్యూలు మూడు సంపాదించండి, స్నేహితులవైనా సరే. ఒక్కోదానితో బ్రౌన్ స్పాట్ పరీక్ష పదిసార్లు, మర్నాడు వరస మార్చి మళ్లీ పదిసార్లు చేయండి, మొదట పట్టుకున్నదానికి చేయి వేడెక్కక అన్యాయం జరుగుతుంది కాబట్టి వరస మార్చడం తప్పనిసరి. ప్రతి క్యూ పక్కన బరువు, పొడవు, టిప్ కొలత, ఎన్ని తిరిగొచ్చాయి, తప్పినవి ఏ వైపు పోయాయి, ఇవన్నీ రాయండి. ఆరో పాఠంలో టిప్ రూపం దిద్దడం, చాక్ రాయడం చూద్దాం, ఆ కాగితం అప్పుడు కూడా కావాలి, పారేయకండి.